రెండో బంతి కణాలు

15వ రోజు

ఆఫీసు రిజిస్టరులో మూడే గళ్లున్నాయి. తొట్టి నంబరు, మొదటి చప్పుడు సమయం, సంతకం. ఏం జరిగిందో రాయడానికి గడి లేదు. ఏం జరిగినా బాగానే జరిగిందని మా ఆఫీసు నమ్మకం. అందుకే ఈ నోటుబుక్కు సొంతంగా పెట్టుకున్నాను.

పేరు బొడ్డేపల్లి హైమావతి. వయసు నలభై ఆరు, భూమి లెక్కలో. ఉద్యోగం కుజవాడ ప్రసూతి కేంద్రంలో చప్పుడు గుమాస్తా. పద్దెనిమిదేళ్ల సర్వీసు. కుజగ్రహం మీద మనిషి బరువు మూడో వంతుకు పడిపోతుంది. ఆ బరువులో కడుపులోని పిండం సరిగ్గా ఎదగదు. అందుకని ఇక్కడ పిల్లలందరినీ రాట్నంలో పెంచుతాం. రాట్నం అంటే పెద్ద గుండ్రటి హాలు. ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడుకి లోపల భూమి మీద ఉన్నంత బరువు వస్తుంది. గోడ పొడుగునా గాజు తొట్లు, ఒక్కో తొట్టిలో ఒక్కో పిండం. ఆ బరువు పిల్లలకి మంచిది. నా మోకాళ్ల సంగతి ఎవరూ తీర్మానించలేదు.

నెలలు నిండాక తొట్టి మూత తీస్తాం. ఆఫీసు వేళల్లోనే తీస్తాం, ఆదివారం సెలవు. అలా పుట్టినవాడికి పుట్టిన వేళ ఏమని రాస్తారు? డాక్టరు గారు కాఫీ తాగి వచ్చిన వేళ అనా? అందుకని మా తాతల కాలంలోనే పంచాంగ సంఘం కూర్చుని తేల్చింది. జాతకం పుట్టుక నుంచి కాదు, గుండె మొదటిసారి కొట్టుకున్న క్షణం నుంచి వేయాలి. అదే ఊపులో కుజదోషాన్ని కూడా రద్దు చేసింది. కుజుడి మీదే కాపురం పెట్టి కుజుణ్ణి తిట్టుకుంటే బాగుండదని. దాని బదులు భూదోషం పెట్టారు. దోషం లేకపోతే సంబంధాలు ఎలా తప్పించుకుంటారు మరి.

మొదట్లో ఆ చప్పుడు ఎప్పుడొస్తే అప్పుడు రాసుకునేవాళ్లం. ఆరేళ్ల కిందట ఎవరో పెద్దమనిషి, కాస్త ముందుకు జరపలేరా అని అడిగాడు. జరిపే మందు వచ్చింది. సీసా మీద పేరు ‘శుభారంభం’. మేము తొందర చుక్కలు అంటాం.

ఈ రోజు 61వ తొట్టిలో, పిండానికి పదిహేనో రోజున, హృదయ పూర్వకణాలు కనబడ్డాయి. ఇంకా గుండె కాలేదు, గుండె కాబోయే కణాలు. తల్లిదండ్రులకి ఆఫీసువాళ్లు ఒక కార్డు పంపుతారు. ‘మీ బిడ్డ హృదయ పూర్వకణాలకు మా హృదయపూర్వక శుభాకాంక్షలు.’ ఈ చమత్కారం ఎవరిదో గాని, ఆయనకి ప్రమోషన్ వచ్చింది.

16వ రోజు

61వ తొట్టి తల్లిదండ్రులు వచ్చారు. తల్లి మందాకిని. ధ్రువం నుంచి మంచుగడ్డలు తెచ్చే లారీ నడుపుతుంది. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. చేతులు మాత్రం యాభై ఏళ్లవి. తండ్రి అప్పలస్వామి, గాలి పైపులు బాగుచేసే మేస్త్రీ. వచ్చిన దగ్గర్నుంచి మా గోడ మీది పైపునే చూస్తూ కూర్చున్నాడు. దాని బిగింపు ఆయనకి నచ్చలేదని అర్థమైంది.

మా సూపరింటెండెంటు ఉమాకాంతం గారు వాళ్లిచ్చిన కాగితం నాకు అందించారు. ముహూర్తం 21వ రోజు ఉదయం 10 గంటల 42 నిమిషాలు.

“సార్, దీని మామూలు వేళ ఇరవై రెండో రోజు సాయంత్రం,” అన్నాను. “ముప్ఫై గంటలు జరపాలి. ఇప్పటిదాకా మనం పదహారు దాటలేదు.”

“ఇప్పుడు దాటుదాం. మన కేంద్రానికి పేరొస్తుంది.”

పేరొచ్చేది కేంద్రానికి, చుక్కలు వేసే చెయ్యి నాది. ఈ పని విభజన మా ఆఫీసులో ఎప్పుడూ మారలేదు.

మందాకిని నా వైపు తిరిగింది. “అక్కా, ఎలాగైనా ఆ వేళకే కావాలి. పోయినసారి నాలుగు నిమిషాలు తప్పింది.”

“పోయినసారా?”

“నాలుగేళ్లయింది. బాబు. మీరే చూశారు. మూత తీశాక పదకొండు రోజులున్నాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నాం.”

గుర్తొచ్చినట్టు తల ఊపాను. గుర్తు రాలేదు. తల ఊపడం ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి విద్య.

17వ రోజు

61లో పని చురుగ్గా సాగుతోంది. అర్థమయ్యేలా రాసుకుంటాను, ఎందుకంటే ఇవాళ ఇది నాకే కొత్తగా అర్థమైంది.

గుండె ఒకేసారి తయారవదు. పెళ్లి భోజనాల్లాగే రెండు బంతులు. మొదటి బంతి కణాలు ముందుగా వచ్చి కూర్చుంటాయి. అవి కలిసి ఒక చిన్న గొట్టం అవుతాయి. ఆ గొట్టమే మొదట కొట్టుకుంటుంది. రెండో బంతి కణాలు వెనకాల ఆగి ఉంటాయి. ఊరికే ఆగవు, ఒకటి రెండవుతూ రెండు నాలుగవుతూ గుంపు పెంచుకుంటాయి. గొట్టం కొట్టుకోవడం మొదలుపెట్టాక, రోజుల తరబడి, కొన్ని కొన్నిగా వచ్చి దాని చివర్లలో చేరతాయి. గుండె కుడి గది, రక్తం బయటికి పోయే దారి, ఇవి చాలామటుకు ఆ ఆలస్యంగా వచ్చినవాళ్ల చలవే.

తొందర చుక్కలు మొదటి బంతిని ఒక్కదాన్నే తొందర పెడతాయని సీసా మీద రాసుంది. సీసా మీద రాసినదాన్ని ఆరేళ్లు నమ్మాను.

మందాకిని మాట మనసులో మెదులుతూ ఉండి మధ్యాహ్నం పాత రిజిస్టరూ, దానికి గుచ్చి ఉంచిన ముహూర్తం చీటీలూ తీశాను. తొట్టి 17. ముహూర్తానికి నాలుగు నిమిషాలు ఆలస్యంగా మొదటి చప్పుడు. దానికోసం వేళను ముందుకు జరిపింది పద్నాలుగు గంటలు. సంతకం నాది. నా సంతకం అందంగా ఉంటుందని అందరూ అంటారు.

తరవాత అవతలి విభాగానికి వెళ్లి మరణాల రిజిస్టరు అడిగాను. ఈ రెండు రిజిస్టర్లూ రెండు బీరువాల్లో ఉంటాయి. బీరువాలు ఇద్దరు గుమాస్తాల చేతిలో ఉంటాయి. మా ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు, ఒక కుర్చీ విషయంలో. ఇవాళ నేనే ముందు మాట్లాడాను. అతను కుర్చీలోంచి లేచి పుస్తకం తీసిచ్చాడు.

తొట్టి 17, మగబిడ్డ, పదకొండో రోజు. కుడి గది చిన్నది. రక్తం బయటికి పోయే దారి పొట్టి. కారణం అన్నచోట రాసిన మాట: సహజం.

18వ రోజు

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని నిన్న సాయంత్రం నుంచి ఇవాళ పొద్దుటిదాకా చూసి, తొట్టి తొట్టికీ లెక్క ఈ నోటుబుక్కులో రాసుకున్నాను. పది గంటలకు మించి తొందరపెట్టిన తొట్లు ముప్ఫై ఒకటి. వాటిలో కుడి గది ఎదగక పోయిన పిల్లలు తొమ్మిదిమంది. అసలు చుక్కలు వేయని తొట్లు నూట నలభై. వాటిలో ఒక్కటి.

ఆ తొమ్మిది తొట్ల పాత బొమ్మలు కూడా తెరిచి చూశాను. అన్నిటిలో అదే కథ. చుక్కలు పడగానే వెనక గుంపు పెంచుకోవాల్సిన రెండో బంతి కణాలు కూడా తొందరపడి కండరాలైపోయాయి. తరవాత రావాల్సిన వేళకి రావడానికి వెనకాల ఎవరూ మిగల్లేదు. ఈ బొమ్మలన్నీ ఆరేళ్లుగా మా దగ్గరే ఉన్నాయి. చప్పుడు వచ్చిందా లేదా అన్నంతవరకే చూసి మూసేసేవాళ్లం. మూసేది నేనే.

ఆ లెక్క ఒక కాగితం మీద రాసుకుని ఉమాకాంతం గారి దగ్గరికి వెళ్లాను. కాగితం తీసుకుని, చదవకుండా, బల్ల మీద బోర్లా పెట్టారు.

“తొమ్మిదిమంది, సార్.”

“ముప్ఫై ఒకటిలో ఇరవై రెండుమంది బాగున్నారుగా. మీరు ఎప్పుడూ చెడ్డ వైపే చూస్తారు హైమావతి గారూ.”

“61కి ముప్ఫై గంటలంటున్నారు. పద్నాలుగుకే ఒక బిడ్డ పోయాడు. అదే తల్లి.”

“దీన్ని ఒక సంఘానికి పంపుదాం. వాళ్లు పరిశీలిస్తారు.”

“సంఘం ఎప్పుడు కూర్చుంటుంది?”

“నలభయ్యో రోజు తరవాత.”

“ముహూర్తం ఇరవై ఒకటో రోజున.”

“అందుకే ముందు ముహూర్తం కానిద్దాం,” అన్నారు. ఎంత సాఫీగా అన్నారంటే, ఒక్క క్షణం నాకూ న్యాయంగానే వినిపించింది. సొరుగులోంచి సీసా తీసి నా చేతిలో పెట్టారు. ఇరవయ్యో రోజు పొద్దున మొదలుపెట్టమన్నారు.

19వ రోజు

పంచాంగ సంఘంలో ముహూర్తాలు పెట్టేది చిర్రావూరి సిద్ధాంతి గారు. ఎనభై ఏళ్లు. ఆయన్ని ఇప్పటిదాకా చూడలేదు గాని, మనసులో చాలాసార్లు తిట్టాను. ఇవాళ ఎదురుగానే తిడదామని వెళ్లాను.

కొత్తిమీర పెంచే గదిలో, దీపాల కింద పీట వేసుకుని కూర్చుని, పండుటాకులు ఏరుతున్నారు. నేను చెప్పేదంతా విన్నారు. ఆకులు ఏరడం ఆపలేదు.

“ఆ అమ్మాయికి నేను మూడు ముహూర్తాలు రాసిచ్చాను,” అన్నారు చివరికి. “ఒకటి ఇరవై రెండో రోజు చీకటిపడే వేళకి ఉంది. ఒకటి ఇరవై మూడున. మీ ఉమాకాంతం మొదటిది పట్టుకున్నాడు.”

“ఎందుకు?”

“ఆ రోజున మీ రాట్నంలో కొత్త విభాగం ప్రారంభోత్సవంట కదా. నగరాధ్యక్షుడు వస్తున్నాడట. సరిగ్గా 10:42కి రిబ్బను కత్తిరించాలి, సరిగ్గా అప్పుడే గుండె కొట్టుకోవాలి. నాకూ పిలుపొచ్చింది.”

పద్దెనిమిదేళ్లుగా గ్రహాల్ని తిడుతూ వచ్చాను. పాపం వాటికి రిబ్బను సంగతి తెలియదు.

“అయితే మీరొక కాగితం రాసివ్వండి,” అన్నాను. “ఆ వేళ మంచిది కాదు, ఇరవై రెండే మేలని. మీ మాటయితే వాళ్లు వింటారు.”

అప్పుడు ఆకులు పక్కన పెట్టారు. “రాసిస్తాను. దానికేం. ఈ ఒక్క తొట్టీ తప్పుకుంటుంది. రేపు 62కి మళ్లీ నా దగ్గరికి వస్తావా?”

నేను ఒక పండుటాకు తుంచి ఆయన కుప్పలో వేశాను.

“అమ్మాయీ, ముహూర్తం మార్పించడానికి రాలేదు నువ్వు. ఆ తల్లికి నిజం చెప్పకుండా గట్టెక్కడానికి వచ్చావు. కాగితం కావాలంటే ఇప్పుడే రాస్తాను, కలం ఇటివ్వు.”

కలం నా జేబులోనే ఉంది. తియ్యలేదు. వచ్చేటప్పుడు ఒక కట్ట కొత్తిమీర చేతిలో పెట్టారు. తిట్టడానికి వెళ్లినదాన్ని కొత్తిమీరతో తిరిగొచ్చాను.

20వ రోజు

పొద్దున్న ఉమాకాంతం గారు ఫోను చేసి మొదలుపెట్టారా అని అడిగారు. తొట్టి దగ్గరే ఉన్నాను సార్ అన్నాను. అబద్ధం కాదు. మా ఆఫీసులో ఎవరూ అబద్ధం చెప్పరు, అడిగినదానికి పక్కనున్న నిజం చెప్తారు.

పదకొండింటికి సీసా బీరువాలో పెట్టి తాళం వేసి మంచు లారీల షెడ్డుకి వెళ్లాను. మందాకిని లారీ అప్పుడే వచ్చింది. టైర్ల నిండా ఎర్రమట్టి. ఆమె గడ్డలకి కట్టిన గొలుసులు విప్పుతోంది.

“రండక్కా. చుక్కలు మొదలుపెట్టారా?”

ఆమెకి ఎలా చెప్పాలో దారిలో మూడు రకాలుగా అల్లుకున్నాను. ఒకటి ‘లెక్కల ప్రకారం’ అని మొదలవుతుంది. ఇంకొకటి ‘ఎవరి తప్పూ కాదు గాని’ అని. ఆమె ముఖం చూశాక మూడూ పనికిరాలేదు.

“లేదు,” అన్నాను. “మీ బాబు నాలుగు నిమిషాలు ఆలస్యమై పోలేదు. పద్నాలుగు గంటలు తొందరపెట్టడం వల్ల పోయాడు. ఆ తొందరకి గుండె కుడి గది ఎదగలేదు. చుక్కలు వేసింది నేను.”

గొలుసు ఆమె చేతిలోనే ఉంది. “ఇంకోసారి చెప్పండి.”

ఇంకోసారి చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టం.

“ఆ రోజు నేనే ఆలస్యంగా వచ్చాను,” అంది. చాలా మామూలుగా, సరుకు లెక్క చెప్తున్నట్టు అంది. “దుమ్ము తుఫానులో లారీ ఆగిపోయింది. చప్పుడు వేళకి తల్లి పక్కనుండాలంటారు కదా. పరిగెత్తుకొచ్చి తొట్టి మీద చెయ్యి పెట్టాను. అప్పుడు కొట్టుకుంది. నాలుగు నిమిషాలు నాకోసం ఆగాడనుకున్నాను. నాకోసం ఆగి ముహూర్తం పోగొట్టుకున్నాడని. మా ఆయనకి కూడా చెప్పలేదు ఆ మాట.”

“ఆగలేదమ్మా. వాడి వేళ అప్పటికింకా రానేలేదు.”

ఆమె లారీ మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

“తెలిసే వేశారా?”

“తెలియదు. వెయ్యమన్నారు, వేశాను. తెలుసుకోవాలని చూడనూ లేదు. చూస్తే కనబడేది. మొన్న ఒక్క పూటలో కనబడింది. అన్ని తొట్ల లెక్కా నా పుస్తకంలో రాసుకున్నాను.”

ఆమె లేచి మిగతా గొలుసులు విప్పింది. ఒక్కో గడ్డా తోపుడు బండి మీదకి జారుతుంటే చూస్తూ నిలబడ్డాను. చివరి గడ్డ దిగాక చేతులు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

“దీనికి వెయ్యకండి.”

“వెయ్యను.”

“రేపు వస్తాం, మేడమ్.”

అక్క అనే పిలుపు అక్కడితో అయిపోయింది.

21వ రోజు

ఉదయం తొమ్మిదిన్నరకే హాలు నిండింది. పూలు లేని గ్రహం మీద పూలదండలు ఎక్కడ దొరికాయో తెలియదు. దగ్గరగా చూస్తే బీట్‌రూట్ ముక్కలు. కొత్త విభాగం ప్రారంభోత్సవం కాబట్టి పాత తల్లిదండ్రులందరినీ పిలిచారు. బిడ్డలు బతికినవాళ్లనీ, బతకనివాళ్లనీ. పిలుపుల జాబితా వేసిన వాళ్లకి ఆ తేడా తెలిసే గడి లేదు.

పదింటికి ఉమాకాంతం గారు 61 దగ్గరికి వచ్చారు. తెర మీద నువ్వుగింజంత గొట్టం. కదలిక లేదు.

“ఇదేమిటి, ఇంకా నిద్రపోతోంది?”

“చుక్కలు వెయ్యలేదు సార్. దాని వేళ రేపు.”

ఆయన రంగు మారింది. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. గబగబా స్పీకర్ల గదిలోకి వెళ్లారు. పైకొచ్చే మనిషి కోపంలో కూడా టైము వృథా చెయ్యడు.

10:42కి నగరాధ్యక్షుడు రిబ్బను కత్తిరించాడు. సరిగ్గా అప్పుడే స్పీకర్లలో టపటపా గుండె చప్పుడు మోగింది. గట్టి చప్పుడు, ఎక్కడా తడబాటు లేదు. హాలంతా చప్పట్లు. తెర మీద గొట్టం మాత్రం కదలకుండానే ఉంది. తెర వైపు ఎవరూ చూడలేదు. ఆ చప్పుడు పోయిన నెల 54వ తొట్టిలో రికార్డు చేసింది. నేనే రికార్డు చేశాను.

ఉమాకాంతం గారు నా చెవి దగ్గరికి వంగారు. “సంతకం పెట్టెయ్యండి. ఇకమీదట చుక్కలే అక్కర్లేదు. ఈ రికార్డు చాలు. మీరు కోరుకున్నది అదేగా?”

నిజంగానే ఆలోచించాను. రాసుకుంటున్నాను కాబట్టి ఒప్పుకోవాలి. చుక్కలు ఆగిపోతాయి, ముహూర్తాలు నిలబడతాయి, ఎవరి ఉద్యోగమూ పోదు. ఇన్నేళ్లలో మా ఆఫీసు నుంచి వచ్చిన ఒకే ఒక్క తెలివైన ఆలోచన అది. కలం కూడా తీశాను.

మందాకిని, తొట్టికి ఉన్న వినికిడి గొట్టానికి చెవి ఆనించి కూర్చుని ఉంది. లేచింది. “ఇది నా బిడ్డ చప్పుడు కాదు,” అంది. మైకు లేదు. లారీ ఇంజను మీదుగా మాట్లాడే అలవాటున్న గొంతు అది. “ఇక్కడ ఇంకా ఏమీ మొదలవలేదు. ఈ రోజు మొదలవదు కూడా. మేమే వద్దన్నాం.”

స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. అప్పలస్వామి లేచి వెళ్లి తీగ పీకేశాడు. ఇవాళ ఆయన చేసిన ఒకే ఒక్క పని అది.

తరవాత ఆమె తన మొదటి బిడ్డ సంగతి చెప్పింది. ఏమీ కలపలేదు, పెద్దగా ఏమీ అనలేదు. పద్నాలుగు గంటలంది, పదకొండు రోజులంది. చెప్పి, నా వైపు చూపించింది. “ఆ మేడమ్ దగ్గర పుస్తకం ఉంది. అడగండి.”

మూడో వరసలోంచి ఒకామె వచ్చింది. “మాది 33. ఎన్ని గంటలు?”

నోటుబుక్కు తిప్పాను. “పన్నెండు.”

“మా పాపకి...”

“కుడి గది.”

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. వరస హాలు చివరిదాకా పెరిగింది. పిల్లలు బతికి బాగున్నవాళ్లు కూడా నిలబడ్డారు. అందరికీ చెప్పాను. ఒకాయన పుస్తకం నా చేతిలోంచి లాక్కుని తన తొట్టి నంబరు తనే వెతుక్కుని చదువుకున్నాడు. చదివి, మూసి, తిరిగి నా చేతికే ఇచ్చాడు. ముఖాన విసిరికొట్టినా బాగుండేది.

నగరాధ్యక్షుడు ఎప్పుడు వెళ్లిపోయాడో చూడలేదు. ఉమాకాంతం గారు మాత్రం నా దగ్గరికి వచ్చి, నన్ను నీటి మీటర్ల విభాగానికి బదిలీ చేస్తున్నట్టు చెప్పారు. అంత గందరగోళంలోనూ ఆ కాగితం టైపు చేయించారంటే మెచ్చుకోవాలి.

22వ రోజు

బదిలీ ఇవాళ పొద్దున్నుంచే అమలు కావాలి. కాలేదు. నీటి మీటర్లు చదవడానికి ముందు నీళ్లు ఉండాలని మంచు లారీల వాళ్లు ఉమాకాంతం గారికి గుర్తు చేశారట. 61 మూత తీసేదాకా నేను ఇక్కడే ఉండాలని మందాకిని అడిగిందట. కృతజ్ఞతలు చెప్పబోయాను.

“మీమీద ప్రేమతో కాదు,” అంది. “అప్పుడు చూడలేదన్నారుగా. ఇప్పుడు చూడండి.”

సాయంత్రం ఐదింటికి తొట్టి దగ్గర నలుగురం. మందాకిని, అప్పలస్వామి, నేను, పిలవకుండానే వచ్చిన సిద్ధాంతి గారు. రాట్నంలో బరువు ఆయన మోకాళ్లకి అలవాటు లేదు. గోడ పట్టుకుని నడిచొచ్చారు.

ఐదు దాటిన కాసేపటికి గొట్టంలో ఒక చోట ఏదో వణికింది. ఆగిపోయింది. ఇంకో చోట వణికింది. రెండింటికీ పొత్తు లేదు. పద్దెనిమిదేళ్లలో వందలసార్లు చూసిన దృశ్యమే. ఎప్పుడూ గడియారం వైపు చూస్తూ చూశాను. ఈసారి కణాల వైపే చూశాను. ఒకటి కదిలితే పక్కది కదిలింది. దాని పక్కది ఒక్క క్షణం వెనకబడి అందుకుంది. అలా ఒక అల కింది నుంచి పైకి పాకింది. మళ్లీ పాకింది. ఇంకా రక్తం లేదు, తోయడానికి ఏమీ లేదు. అయినా కొట్టుకుంటోంది.

గడియారం చూడటం గుర్తొచ్చేసరికి 5:11. రిజిస్టరులో ‘సుమారు 5:08’ అని రాశాను. సుమారు అనే మాట ఆ రిజిస్టరులో అంతకుముందు లేదు.

“వేళ ఎలాంటిది సిద్ధాంతి గారూ?” అని అడిగింది మందాకిని.

పంచాంగం ప్రకారం అది వర్జ్యం. వచ్చే ముందు నేనూ చూశాను. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

“దాని వేళకి అది వచ్చిందమ్మా,” అన్నారు.

29వ రోజు

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు ఉమాకాంతం గారు. దొంగ చేతికి తాళాలంటారు, ఇక్కడ ఏకంగా తాళాలకొట్టే ఇచ్చారు. తొమ్మిది తొట్ల తల్లిదండ్రులూ వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. మూడో రోజుకి అధ్యక్షుడు మారాడు. చుక్కలు నిలిపేశారు. ఉమాకాంతం గారిని ఒక పెద్ద పోస్టులోకి పంపారు. ఆ పోస్టులో చెయ్యడానికి పని ఏమీ లేదని విన్నాను. ఆయనకి అంతకన్నా తగిన చోటు నేను కూడా చూపించలేను.

నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చారు. ‘ఇందులో ఏ ఒక్కరి వ్యక్తిగత పొరపాటూ లేదు’ అని ఉంది. కింద నా సంతకానికి చోటు. ఆ వాక్యం కొట్టేసి, తొమ్మిది తొట్ల నంబర్లు రాసి, ఒక్కో నంబరుకి ఎదురుగా ‘చుక్కలు వేసినది బొడ్డేపల్లి హైమావతి’ అని రాశాను. తొమ్మిదిసార్లు. కొత్త అధ్యక్షుడు ఇబ్బందిగా చూశాడు. ఆ కాగితానికి తగిన ఫైలు ఆయన దగ్గర లేదు.

33వ తొట్టి తల్లి రోజూ వచ్చి నా బల్ల ఎదురుగా పది నిమిషాలు కూర్చుని వెళ్తోంది. ఏమీ అనదు. నేనూ ఏమీ అనను. అయినా ఆ వేళకి నేను బల్ల దగ్గరే ఉంటున్నాను.

61లో రెండో బంతి మొదలై వారమైంది. వెనకాల గుంపు ఇంకా తరగలేదు. నాలుగు చేరితే వెనక ఆరు పుడుతున్నాయి. గొట్టం పొడుగై, నిటారుగా చోటు చాలక, కుడివైపుకి ఒంగింది. అలా ఒంగడమే మంచిది. కుడి గది రావాల్సిన చోట ఉబ్బు కనబడుతోంది. మందాకినికి తెర మీద చూపించాను. చాలాసేపు చూసింది.

“వాడికి ఇక్కడ ఎలా ఉండేది?”

పాత బొమ్మ తెచ్చి పక్కన పెట్టాను. దాచలేదు. ఆమె రెండింటినీ చూసి, పాతదాని మీద వేలు ఆనించి కూర్చుంది. అప్పలస్వామి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె ఆ నాలుగు నిమిషాల సంగతి ఆయనకి అప్పుడు చెప్పింది. నేను లేచి బయటికి వచ్చేశాను. గుమాస్తాలు వినాల్సిన మాటలు కావవి.

మూత తీసిన రోజు

మంగళవారం, ఆఫీసు వేళల్లో. డాక్టరు గారు కాఫీ తాగే వచ్చారు.

ఆడపిల్ల. మూత తీసి, బొడ్డు కోసి, పరీక్షలు చేశారు. నాలుగు గదులూ సరిగ్గా ఉన్నాయని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. పిల్ల పెద్ద గొంతుతో ఏడ్చింది. తల్లి గొంతే.

నాకు అక్కడ పని అయిపోయింది. రేపట్నుంచి నీటి మీటర్లు. మీటర్లు తొందరపెట్టినా తొందరపడవని విన్నాను, నాకు అలాంటి ఉద్యోగమే మంచిది. బీరువా తాళాలు అప్పగించి వెళ్లబోతుంటే మందాకిని పిలిచింది.

“పట్టుకోండి. చేతులు కడుక్కోవాలి నేను.”

చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఆ మాట అనలేదు. పిల్లని తీసుకున్నాను. ఇన్నేళ్లలో గాజు అడ్డం లేకుండా ఒక్క బిడ్డనీ పట్టుకోలేదు. అరచెయ్యి వీపు కింద పెట్టగానే అది తగిలింది. గొట్టం అక్కర్లేదు, తెర అక్కర్లేదు. నా చెయ్యి అంచుకి, వేగంగా, ఎవరో లోపలి నుంచి తలుపు తడుతున్నట్టు. వేలి కింద ఒక్కో దెబ్బా విడివిడిగా తెలుస్తోంది. ఆ రోజు 17వ తొట్టిలో ఇది ఎంత గట్టిగా ఉండేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

కళ్లలో నీళ్లు పిల్ల మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకున్నాను. అప్పలస్వామి మళ్లీ ఆ గోడ మీది పైపునే చూస్తున్నాడు. జేబులోంచి పానా తీసి బిగించడం మొదలుపెట్టాడు.

మందాకిని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, పిల్లని చూసింది.

“ఎంతసేపు పట్టుకుంటారు,” అంది. “ఇటివ్వండి, ఆకలేస్తోంది దానికి.”